లొంగి నిలిచే ఉక్కు

తెలుగులో ఉక్కు అనే మాట లొంగనితనానికి మారుపేరు. ఉక్కుమనిషి, ఉక్కుపిడికిలి, ఉక్కునరాలు అన్న పలుకుబళ్ళన్నింటిలోనూ వంగనిది, చలించనిది అన్న అర్థమే ధ్వనిస్తుంది. అయితే వంతెనలను, ఎత్తయిన భవనాలను, కర్మాగారాల షెడ్లను, విద్యుత్ టవర్లను నిర్మించే ఇంజినీరు ఉక్కు మీద నమ్మకం పెట్టుకోవడానికి ముఖ్య కారణం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన గుణం. మోయవలసిన బరువును మోస్తూ, అంతకు మించిన భారం మీద పడినప్పుడు గాజులా భళ్ళున పగిలిపోకుండా సాగి, వంగి, తనకు కలిగిన కష్టాన్ని కంటికి కనిపించేలా తెలియజేసి, లోపలి మనుషులు బయటపడటానికి వ్యవధినిచ్చే గుణం అది. పదార్థ శాస్త్రంలో దీనిని తాంతవత అంటారు. తంతువుగా, అంటే తీగగా సాగగలగడం అని ఆ మాటకు అర్థం. కట్టడాల ఉక్కు తయారీ, దాని ఆకారాలు, దాని అతుకులు, దానికి వేసే పూతలు, దాని వాడకాన్ని శాసించే నిబంధనలు అన్నీ చాలావరకు ఈ ఒక్క గుణాన్ని సాధించడానికో, సాధించినదాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికో ఏర్పడినవే.

కర్బనం నడిపే కథ

ఉక్కు అంటే ఇనుము, కర్బనం కలిసిన మిశ్రలోహం. అందులో కర్బనం పాలు ఎంత అన్నదాన్ని బట్టి ఆ లోహపు స్వభావమే మారిపోతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వెలువడే ముడి ఇనుములో సుమారు 4 శాతం కర్బనం ఉంటుంది. దానినే అచ్చుల్లో పోస్తే వచ్చే పోత ఇనుము పైనుంచి నొక్కే బరువుకు బాగా ఆగుతుంది గాని, లాగితే పెళుసుగా విరుగుతుంది. కర్బనాన్ని దాదాపు పూర్తిగా పోగొట్టి, సమ్మెటతో మలిచిన చేత ఇనుము చక్కగా సాగుతుంది గాని, దానికి ఉక్కుకున్నంత బలం లేదు. పైగా పూర్వం దాని తయారీ కొలిమి ముందు నిలబడి పనిచేసే మనిషి కండబలం మీద ఆధారపడినందున పెద్ద ఎత్తున ఉత్పత్తి సాధ్యమయ్యేది కాదు. ఈ రెండింటికీ నడుమ నిలిచే కట్టడపు ఉక్కులో కర్బనం సాధారణంగా 0.15 నుంచి 0.25 శాతం వరకే ఉంటుంది; అంటే నాలుగు వందల పాళ్ళలో ఒక పాలుకు మించదు.

కర్బనం ఎక్కువైన ఉక్కుకు కూడా గొప్ప చరిత్ర ఉంది, ఆ చరిత్రలో తెలుగు నేలకు భాగముంది. దక్షిణ భారతంలో మట్టి మూసల్లో కరిగించి తయారు చేసిన ఉక్కును యూరప్ వారు వూట్జ్ అని పిలిచారు. ఆ పేరు ఉక్కు అన్న మన మాట నుంచే పుట్టిందని ఎక్కువ మంది పండితులు భావిస్తారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన కేంద్రాలలో ఒకటి. అక్కడి సరకు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని పందొమ్మిదో శతాబ్దపు యాత్రికులు నమోదు చేశారు. ఒకటి నుంచి రెండు శాతం దాకా కర్బనం ఉన్న ఆ లోహం కత్తి అంచుకు కావలసిన కాఠిన్యాన్ని ఇచ్చేది. కత్తికి వన్నె తెచ్చిన ఆ కాఠిన్యమే ఇంటి దూలానికి దోషమవుతుంది, ఎందుకంటే కర్బనం పెరిగేకొద్దీ లోహం గట్టిపడుతుంది, దానితో పాటే సాగే శక్తి తగ్గి పెళుసుదనం హెచ్చుతుంది.

పెళుసు లోహంతో కట్టడాలు కట్టడంలోని ప్రమాదాన్ని బ్రిటన్ చాలా ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకొంది. 1779లో కోల్‌బ్రూక్‌డేల్ వద్ద నిలబెట్టిన ఇనుప వంతెన నేటికీ నిలిచి ఉన్నదంటే, అది కమాను ఆకారంలో ఉండి, పోత ఇనుము మీద ప్రధానంగా నొక్కుడు బలమే పడేలా కుదరడం అందుకు కారణం. చెస్టర్ వద్ద డీ నది మీది రైలు వంతెనలో పోత ఇనుమును కమానుగా కాక దూలంగా వాడారు. 1847 మేలో రైలు వెళుతుండగా ఆ దూలం విరిగిపోయి అయిదుగురు మరణించారు. 1879 డిసెంబరు 28 రాత్రి తుపాను గాలికి స్కాట్లాండులోని టే వంతెన మధ్య భాగం రైలుతో సహా నదిలో కూలిపోవడంలో, స్తంభాలను ఒకదానితో ఒకటి బిగించిన పోత ఇనుప చెవులు విరగడం ముఖ్యపాత్ర వహించింది. ఆ రెండు ప్రమాదాల్లోనూ లోహం సాగి సూచన ఇవ్వలేదు.

ఇంతలో 1856లో హెన్రీ బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలిని ఊది కర్బనాన్ని మండించే పద్ధతిని ప్రకటించడంతో, కొద్ది కిలోలుగా తయారయ్యే ఉక్కు టన్నుల లెక్కలోకి వచ్చింది. 1874లో సెయింట్ లూయిస్ వద్ద మిసిసిపీ నది మీద ఈడ్స్ వంతెన, 1890లో స్కాట్లాండులో ఫోర్త్ రైలు వంతెన ఉక్కుతో వెలిశాయి. టే వంతెన కూలిన పదకొండేళ్ళకే, అదే తీరంలో 521 మీటర్ల ఏక దూరాన్ని దాటిన ఫోర్త్ వంతెన ఉక్కు సత్తాను చాటింది. 1885లో షికాగోలో కట్టిన పది అంతస్తుల హోం ఇన్సూరెన్స్ భవనం బరువును గోడల మీద కాక ఇనుము, ఉక్కుల చట్రం మీద మోపి, ఆకాశహర్మ్యాలకు దారి చూపింది. బరువు మోసే పని చట్రానిదయ్యాక గోడ కేవలం తెరగా మిగిలింది. భవనపు ఎత్తుకు గోడ మందం అడ్డు కాకుండా పోయింది.

కొలిమి నుంచి గర్డరు దాకా

ఇనుప ఖనిజం అంటే ఆక్సిజన్‌తో ముడిపడిన ఇనుము. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజాన్ని, కోక్‌ను, సున్నపురాయిని పొరలుపొరలుగా నింపి, అడుగు నుంచి వేడిగాలిని బలంగా ఊదినప్పుడు, కోక్ మండి ఏర్పడిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, సున్నపురాయి మలినాలతో కలిసి లోహమలంగా పైకి తేలుతుంది, కరిగిన ఇనుము అడుగున చేరుతుంది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమం ఫలితంగా రూపుదాల్చి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారం ముఖ్యంగా తయారు చేసేవి చువ్వలు, తీగచుట్టలు, యాంగిళ్ళు, చానళ్ళు వంటి నిడుపాటి సరకులు. అంటే ఇళ్ళకు, వంతెనలకు నేరుగా పనికివచ్చే ఉక్కు.

కరిగిన ఇనుమును ఆ తరువాత కన్వర్టర్ అనే పెద్ద పాత్రలోకి వంచి, శుద్ధ ఆక్సిజన్‌ను ధ్వనివేగాన్ని మించిన వేగంతో దాని మీదికి చిమ్ముతారు. ఆస్ట్రియాలోని లింజ్, డోనావిట్జ్ పట్టణాల పేరిట ఎల్.డి. పద్ధతిగా 1950ల తొలినాళ్ళలో వాడుకలోకి వచ్చిన ఈ విధానంలో, అదనపు కర్బనం కొద్ది నిమిషాల్లోనే మండి వాయువుగా వెళ్ళిపోతుంది. మిగిలిన మలినాల్లో రెండింటి మీద ప్రత్యేక నిఘా అవసరం: గంధకం ఉక్కును ఎర్రగా కాగి ఉన్నప్పుడు పగిలేలా చేస్తుంది, భాస్వరం చల్లబడినప్పుడు పెళుసుగా మారుస్తుంది. మాంగనీసు కలిపితే అది గంధకాన్ని తనతో కట్టిపడేస్తుంది, ఉక్కు బలాన్నీ కాస్త పెంచుతుంది. ఇలా శుద్ధి చేసి దిమ్మెలుగా గడ్డకట్టించిన ఉక్కును మళ్ళీ కాల్చి, రోలింగ్ మిల్లు రోలర్ల నడుమ పదేపదే నడిపితే, లోపలి స్ఫటిక రేణువులు నలిగి చిన్నవవుతాయి. రేణువులు చిన్నవయ్యేకొద్దీ బలమూ, పగులును ఆపే శక్తీ రెండూ ఒకేసారి పెరగడం లోహశాస్త్రంలో అరుదైన వరం, ఎందుకంటే బలాన్ని పెంచే ఇతర మార్గాలు చాలావరకు సాగే గుణాన్ని కొంత బలి తీసుకుంటాయి.

కడ్డీ ఇచ్చే సాక్ష్యం

ఉక్కు నాణ్యతను తేల్చే మొదటి పరీక్ష దాన్ని లాగి తెంచడం. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీ మీద 100 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, యంత్రంలో బిగించి నెమ్మదిగా లాగుతారు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2062 ప్రమాణంలోని సాధారణ రకమైన ఈ250 ఉక్కు, అడ్డుకోతలోని ప్రతి చదరపు మిల్లీమీటరుకు సుమారు 250 న్యూటన్ల బలం వరకు, అంటే ఈ కడ్డీ మొత్తం మీద సుమారు 8 టన్నుల బరువు వేలాడదీసేంత వరకు, రబ్బరులా ప్రవర్తిస్తుంది. బలం తీసేస్తే పూర్వపు పొడవుకే వస్తుంది. దీన్ని స్థితిస్థాపకత అంటారు. ఆ దశలో రెండు గుర్తుల నడుమ దూరం పెరిగేది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మాత్రమే, కంటికి ఆనేది కాదు.

ఆ స్థాయి దాటగానే ఉక్కు లొంగిపోతుంది, కాని తెగదు. బలం పెద్దగా పెంచకపోయినా కొంతసేపు సాగుతూ పోయి, మళ్ళీ గట్టిపడి, చదరపు మిల్లీమీటరుకు కనీసం 410 న్యూటన్ల గరిష్ఠ బలాన్ని చేరిన తరువాత ఒకచోట నడుము సన్నబడి తెగుతుంది. తెగిన ముక్కలను కలిపి కొలిస్తే రెండు గుర్తుల నడుమ దూరం కనీసం 23 శాతం పెరిగి ఉండాలని ప్రమాణం శాసిస్తుంది. అంటే 100 మిల్లీమీటర్ల నిడివి 123 మిల్లీమీటర్లు కావాలి. లొంగే ముందు ఎనిమిదో వంతు మిల్లీమీటరు సాగిన లోహం, తెగే ముందు 23 మిల్లీమీటర్లు సాగుతుందన్నమాట. ఈ రెండింటి నడుమ తేడా 180 రెట్లకు పైమాటే. కట్టడంలో మనిషికి దొరికే హెచ్చరిక అంతా ఆ తేడాలోనే ఉంది. దూలం కుంగుతుంది, తలుపులు బిగుసుకుంటాయి, గోడలు బీటలిస్తాయి, కట్టడం నోరు తెరిచి చెప్పినట్టే అవుతుంది. అంతేకాక, ఒక భాగం లొంగినప్పుడు దాని మీది భారం పక్క భాగాలకు మళ్ళుతుంది, కాబట్టి ఒకచోట లెక్క తప్పినా కట్టడమంతా ఒక్కసారిగా కూలే అవకాశం తగ్గుతుంది.

ఈ సాగుదలకు మూలం స్ఫటికాల్లోని చిన్న లోపాలు. ఇనుము పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. ఒక వరుస మొత్తాన్ని మరో వరుస మీద ఒక్కసారిగా జరపాలంటే చాలా బలం కావాలి. నేల మీద పరిచిన బరువైన జంపఖానాను మొత్తంగా లాగడం కష్టం, కాని దానిలో ఒక చోట మడత లేపి ఆ మడతను చివరి దాకా తోస్తే జంపఖానా సులువుగా జరుగుతుంది. స్ఫటికంలో ఇటువంటి మడతల వంటి లోపాలను స్థానభ్రంశాలు అంటారు. అవి కదిలినప్పుడే లోహం పగలకుండా ఆకారం మార్చుకుంటుంది. కర్బన పరమాణువులు, రేణువుల సరిహద్దులు ఈ కదలికకు అడ్డుపడి లోహానికి బలాన్నిస్తాయి. అడ్డంకులు అసలే లేకుంటే లోహం మెత్తబడుతుంది, మరీ ఎక్కువైతే పెళుసవుతుంది; కట్టడపు ఉక్కు ఈ రెండింటి నడుమ తూచి కుదిర్చిన సమతూకం.

ఆకారంలో దాగిన బలం

ఒకే బరువున్న ఉక్కుతో ఒకే పొడవున్న దూలం చేసినా, ఆకారాన్ని బట్టి దాని శక్తి ఎన్నో రెట్లు మారుతుంది. బరువు మోసే దూలం వంగినప్పుడు పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది, నడుమ భాగం మీద ఒత్తిడి చాలా తక్కువ. కాబట్టి లోహాన్ని పై కింది అంచుల దగ్గర పరిచి, నడుమ పలుచని రేకుతో కలిపితే, ఆంగ్ల అక్షరం ఐ ఆకారంలో గర్డరు ఏర్పడుతుంది. 300 మిల్లీమీటర్ల లోతున్న ప్రామాణిక ఐ గర్డరు మీటరుకు సుమారు 44 కిలోలు తూగుతుంది. అంతే ఉక్కును 75 మిల్లీమీటర్ల చతురస్రపు కడ్డీగా పోసి పోల్చి చూస్తే, ఐ గర్డరు వంగకుండా నిలవడంలో 30 రెట్లకు పైగా, భారం మోయడంలో 8 రెట్లు మెరుగని లెక్క తేలుతుంది.

ఇంకా పెద్ద దూరాలు దాటవలసి వచ్చినప్పుడు నడుమ రేకును కూడా తీసేసి, కడ్డీలను త్రిభుజాలుగా అల్లుతారు. దీనిని ట్రస్ అంటారు. నాలుగు కడ్డీలను మూలల్లో బిగించిన చతురస్రం పక్కకు నెడితే ఒరుగుతుంది గాని, మూడు కడ్డీల త్రిభుజం ఏదో ఒక కడ్డీ పొడవు మారితే తప్ప ఆకారం మార్చుకోదు. రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమ 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెన దీనికి తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ. 91.5 మీటర్ల స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ నడుమ భాగాలు) 27, 45.72 మీటర్ల స్పాన్లు 7 ఉన్న ఆ వంతెనలో పై అంతస్తున రోడ్డు, కింది అంతస్తున రైలు నడుస్తాయి. ఉక్కు ప్రతి డిగ్రీ వేడికీ తన పొడవులో పది లక్షల్లో 12 పాళ్ళు పెరుగుతుంది కనుక, 30 డిగ్రీల తేడాకు 91.5 మీటర్ల స్పాను సుమారు 33 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ కదలికకు చోటివ్వకపోతే ట్రస్ తన బలంతో తన స్తంభాలనే నెట్టుతుంది. అందుకే ఇటువంటి స్పానును ఒక చివర బిగించి, రెండో చివర జరిగే వీలున్న బేరింగుల మీద కూర్చోబెడతారు.

హెచ్చరిక తప్పే చోట్లు

సాగే గుణం లోహానిదే అయినా, కట్టడానికి అది దానంతటదే సంక్రమించదు. లోహం మంచిదే అయి ఉండి కట్టడం ఉన్నట్టుండి కూలిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి, ఇంజినీరింగ్ శాస్త్రం ఎక్కువగా నేర్చుకున్నది వాటి నుంచే.

మొదటిది నొక్కుడు బలం కింద పక్కకు వంకర పోవడం. ఇంజినీర్లు దీన్ని బక్లింగ్ అంటారు. పొడవాటి వెదురు బద్దను రెండు చివరలా నొక్కితే అది నలగకముందే పక్కకు విల్లులా వంగుతుంది. సన్నని స్తంభం ఈ విధంగా వంగే బరువు దాని పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని పద్ధెనిమిదో శతాబ్దంలోనే లియొనార్డ్ ఆయిలర్ నిరూపించాడు. పొడవు రెట్టింపయితే స్తంభం మోసే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది, ఉక్కు ఎంత బలమైనదైనా ఈ లెక్క మారదు. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న క్విబెక్ వంతెనలో మధ్య స్పానును 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచినప్పుడు వంతెన సొంత బరువును తిరిగి సరిగా లెక్కించలేదు. కింది వరుసలోని నొక్కుడు భాగాలు కొన్ని వంకర తిరుగుతున్నట్టు 1907 ఆగస్టులో పనిస్థలంలోని ఇంజినీర్లు గమనించి పైవారికి తెలియజేసినా, పని ఆపవలసిన ఆదేశం సమయానికి అందలేదు. ఆగస్టు 29 సాయంత్రం వంతెన దక్షిణ భాగం కొద్ది క్షణాల్లో కుప్పకూలి 75 మంది కార్మికులు మరణించారు. ఉక్కు అక్కడ సూచన ఇచ్చింది, ఆ సూచనను చదివి నడుచుకోవలసిన వ్యవస్థ విఫలమైంది.

రెండోది అతుకు. పూర్వం ఎర్రగా కాల్చిన రివెట్లను రంధ్రాల్లో దూర్చి సుత్తితో మొత్తేవారు. చల్లారేటప్పుడు రివెట్ కుంచించుకుని పలకలను గట్టిగా అదిమేది. 1943లో ప్రారంభమైన కోల్‌కతా హౌరా వంతెన, 26,500 టన్నుల ఉక్కుతో, నట్టు బోల్టులు లేకుండా రివెట్లతోనే నిర్మితమైంది. ఆ తరువాత అధిక బలం గల బోల్టులు, వెల్డింగు రివెట్ స్థానాన్ని ఆక్రమించాయి. వెల్డింగులో లోహం కరిగి, వేగంగా చల్లారుతుంది కాబట్టి అతుకు పక్కన లోహం పెళుసెక్కవచ్చు, లోపల ఒత్తిళ్ళు నిలిచిపోవచ్చు. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ సమీపంలో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపం తరువాత, అనేక ఉక్కు చట్రాల భవనాల్లో దూలం స్తంభాన్ని కలిసే వెల్డింగు అతుకులు సాగకుండా పగిలి ఉండటాన్ని ఇంజినీర్లు కనుగొన్నారు. దానికి కనిపెట్టిన మందుల్లో ఒకటి వినడానికి వింతగా ఉంటుంది: అతుకుకు కొద్ది దూరంలో దూలపు అంచులను కావాలనే కొంత కోసి సన్నం చేయడం. అప్పుడు భూకంపం వచ్చినా దూలం ఆ సన్నని చోట లొంగి శక్తిని మింగుతుంది, అతుకు క్షేమంగా ఉంటుంది. దూలం లొంగినా స్తంభం నిలవాలన్నది భూకంప ఇంజినీరింగ్‌లో మూలసూత్రం. దూలం కుంగితే ఒక గది దెబ్బతింటుంది, స్తంభం విరిగితే అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి కూలతాయి.

మూడోది పగులు. వాహనాలు లక్షలసార్లు నడిచే వంతెనలో ప్రతి బరువూ విడిగా చూస్తే చిన్నదే అయినా, పదేపదే పడే ఒత్తిడికి కంటికి కనిపించని పగులు పుట్టి మెల్లగా పెరుగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు. 1967 డిసెంబరు 15న అమెరికాలోని ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జ్ కూలి 46 మంది మరణించడానికి మూలం దాన్ని వేలాడదీసిన గొలుసులోని ఒక లింకులో పుట్టిన సుమారు 2.5 మిల్లీమీటర్ల లోతు పగులు. ఒక లింకు తెగితే భారం మోయడానికి మరో దారి లేనందున వంతెన మొత్తం పడిపోయింది. దాని తరువాతనే ఆ దేశంలో వంతెనల క్రమబద్ధ తనిఖీ చట్టబద్ధమైంది. చలి కూడా పగులుకు తోడ్పడుతుంది, ఎందుకంటే ఉష్ణోగ్రత ఒక స్థాయి కంటే తగ్గితే మామూలు ఉక్కు సాగే స్వభావం కోల్పోయి పెళుసుగా మారుతుంది. అందువల్ల శీతల ప్రాంతాల కోసం సున్నా కంటే 20 డిగ్రీలు తక్కువ చలిలో సుత్తిదెబ్బ పరీక్ష నెగ్గిన ఉక్కు రకాన్ని ఐఎస్ 2062 ప్రత్యేకంగా పేర్కొంటుంది. 2025 జూన్‌లో జమ్మూకశ్మీర్‌లో ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెన, నదికి 359 మీటర్ల ఎత్తున 467 మీటర్ల ఉక్కు కమానుతో, చలికీ పెనుగాలులకూ ఎదురు నిలిచేలా రూపొందింది. ఆ కమాను పాదాలు ఆనే కొండవాలు నిలకడ గురించి దాదాపు 17 ఏళ్ళు సలహాదారుగా శ్రమించిన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యురాలు జి. మాధవీలత ప్రకాశం జిల్లాకు చెందినవారు కావడం తెలుగువారికి గర్వకారణం.

నిప్పు, తుప్పు

ఉక్కు మండదు, కాని వేడికి మెత్తబడుతుంది. కరగడానికి 1,500 డిగ్రీల దరిదాపు వేడి కావాలి గాని, 600 డిగ్రీల దగ్గరే దాని లొంగుబాటు బలం సగానికంటే తగ్గిపోతుంది. భవనాల్లో రేగే అగ్నిప్రమాదంలో అంతకు మించిన వేడి పుట్టడం సాధారణమే. కనుక ఉక్కు స్తంభాలను కాంక్రీటుతోనో, జిప్సం పలకలతోనో కప్పుతారు, లేదా వేడి తగలగానే నురగలా ఉబ్బి పొర కట్టే ప్రత్యేకమైన రంగు వేస్తారు. వీటి ఉద్దేశం ఉక్కును నిరంతరంగా కాపాడటం కాదు. మనుషులు బయటపడే వరకు, అగ్నిమాపక దళం వచ్చే వరకు గంటో రెండు గంటలో గడువు సంపాదించడం.

తుప్పు నెమ్మదైన శత్రువు. నీరు, ఆక్సిజన్ రెండూ తగిలినప్పుడు ఇనుము మళ్ళీ తన ఖనిజ రూపానికి పోవడానికి చూస్తుంది. సముద్రపు ఉప్పు ఆ చర్యను మరింత తొందరపెడుతుంది. విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరప్రాంతంలో ఇనుప కిటికీ కొన్నేళ్ళకే పొరలు పొరలుగా రాలిపోవడానికి కారణం ఇదే. రంగు పూత నీటిని దూరంగా ఉంచుతుంది. జింకు పూత దానికంటే ఒక మెట్టు పైన, ఎందుకంటే గీత పడి ఇనుము బయటపడినా జింకు ముందుగా తాను కరిగి ఇనుమును రక్షిస్తుంది. అయితే ఏ పూతా శాశ్వతం కాదు. రంగు వేయించడాన్ని కట్టడానికి సోకుగా కాక ఆయుష్షుగా భావించినప్పుడే ఉక్కు వంతెన నూరేళ్ళు బతుకుతుంది. రాజమహేంద్రవరం వద్ద 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన మీద 1997 దాకా రైళ్ళు నడిచాయంటే, తరతరాల నిర్వహణ దాని వెనుక ఉంది.

కాంక్రీటు కడుపులో

తెలుగు రాష్ట్రాల్లో అత్యధిక కుటుంబాలు కొనే కట్టడపు ఉక్కు గర్డరు రూపంలో ఉండదు. శ్లాబులో, పిల్లర్లలో కనబడకుండా ఉండే చువ్వల రూపంలో ఉంటుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు దాని బలం అందులో పదో వంతే. లాగుడు పడే చోట ఉక్కును ఉంచితే రెండూ ఒకదాని లోటు మరొకటి తీరుస్తాయి. వేడికి రెండూ దాదాపు ఒకే మేరకు వ్యాకోచించడం, కాంక్రీటులోని క్షారగుణం ఉక్కును తుప్పు నుంచి కాపాడటం ఈ జోడీకి ప్రకృతి సమకూర్చిన అనుకూలతలు. ఈ కాపుదల చువ్వ పైన తగినంత మందం కాంక్రీటు ఉన్నంత వరకే. నీరు లోపలికి చేరి చువ్వ తుప్పు పడితే, తుప్పు అసలు లోహం కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమించి, పెచ్చులూడగొడుతుంది.

నేడు అందరూ టీఎంటీ అని పిలిచే చువ్వను రోలింగ్ మిల్లు నుంచి ఎర్రగా వస్తుండగానే నీటి జల్లుతో క్షణకాలం చల్లారుస్తారు. పై పొర గట్టిపడుతుంది, లోపలి వేడి మళ్ళీ బయటికి వచ్చి ఆ పొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది, గర్భం మెత్తగా, సాగేదిగా మిగులుతుంది. చువ్వ మీద ఉండే ఫె 500 అన్న గుర్తులోని అంకె చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల లొంగుబాటు బలాన్ని సూచిస్తుంది. దాని పక్కన డి అనే అక్షరం ఉంటే, ఆ చువ్వ తాంతవత ఎక్కువగా గల రకమని అర్థం. ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం మామూలు ఫె 500 చువ్వ తెగేలోపు కనీసం 12 శాతం సాగితే చాలు, ఫె 500 డి చువ్వ మాత్రం కనీసం 16 శాతం సాగాలి. భూకంపం వచ్చినప్పుడు ఇంటిని నిలిపి ఉంచే గుణం ఆ అదనపు సాగుదలలో ఉంది.

అంకె పెద్దదైతే చువ్వ మంచిదన్న అపోహ ఇళ్ళు కట్టుకునేవారిలో బలంగా నాటుకుపోయింది. బలం అవసరమే, దానితో పాటు సాగుదల ఎంతో కూడా అడిగి తెలుసుకోవడం అంతకంటే అవసరం. ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబం తాను కొనే చువ్వ మీద ఐఎస్‌ఐ గుర్తునూ, రకాన్నీ, డి అక్షరాన్నీ చూసి తీసుకోవాలి. తయారీదారు ఇచ్చే పరీక్షా పత్రంలో సాగుదల శాతాన్ని అడిగి చదివించుకోవాలి. వంచిన చువ్వను కాల్చి తిరిగి సరిచేయడాన్ని అంగీకరించకూడదు. పిల్లరు, దూలం కలిసే చోట రింగులు దగ్గరదగ్గరగా కట్టారో లేదో కాంక్రీటు పోయకముందే ఇంజినీరుతో తనిఖీ చేయించుకోవాలి. కాంక్రీటు పోసిన తరువాత ఉక్కును చూసే అవకాశం ఎవరికీ ఉండదు.